నాలుగో గీత దాటిన రోజులు

మా వైపు నుంచి సికింద్రాబాదు వెళ్లేవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది ఉద్యోగానికో, ఆస్పత్రికో, పెళ్లికో వెళతారు. నేను నూట పద్నాలుగు పేజీలు చూసి రావడానికి వెళ్లాను. అవి కాగితం పేజీలు కూడా కావు, కంప్యూటర్లో ఉన్న బొమ్మలు. మీ ఇళ్లలోంచి వెళ్లిన పాత పుస్తకాలు కూడా ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక కంప్యూటర్లో ఉండి ఉండవచ్చు. వాటిని చూడాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా గెడ్డపేట శ్రీకాకుళం జిల్లాలో నలభై మూడు ఇళ్ల పేట. గెడ్డ అంటే మా వైపు చిన్న ఏరు. పేటకు దిగువన ఎత్తుగా కొత్త రోడ్డు వేస్తున్నారు. ఆ రోడ్డు కింద తూము పెట్టకపోతే గెడ్డ పొంగినప్పుడు నీరు వెనక్కి తన్ని మా ఇళ్లలోనే నిలిచిపోతుంది. తూము అడగడానికి నలుగురం కలిసి వెళితే ఇంజనీరు గారు సూటిగా చెప్పారు.

“మాటలు అందరూ చెబుతారు. ఇళ్లలోకి వచ్చిన నీరు వారం దాటి నిలిచిందని ఐదేళ్లకైనా కాగితం చూపించండి, తూము వేస్తాను. వచ్చే సోమవారం విచారణ. ఆ తర్వాత ప్లాను మార్చడం నా చేతిలో ఉండదు.”

కాగితం ఒకప్పుడు ఉండేది. మా పేటలో బడి చెప్పిన అప్పలస్వామి మాస్టారు గెడ్డ ఒడ్డున ఒక రాయి పాతి దాని మీద గీతలు చెక్కించారు. పంతొమ్మిదేళ్ల పాటు రోజూ పొద్దున్నే వెళ్లి, నీరు ఎన్నో గీత దగ్గర ఉందో చూసి నోటు పుస్తకంలో రాసేవారు. నాలుగో గీత దాటిందంటే పల్లపు ఇళ్లలోకి నీరు వచ్చినట్టే. మాస్టారు పోయి నాలుగేళ్లయింది. ఆ మరుసటి ఏడు తుపానుకు ఆయన ఇంటి పెంకులు లేచిపోయి పుస్తకాలన్నీ ముద్దయ్యాయి. అయితే మాస్టారు ఉన్న రోజుల్లోనే సికింద్రాబాదులోని ఒక సంస్థవాళ్లు జీపులో మా జిల్లాకు వచ్చి, పాత రాతలు పోగుచేసి తీసుకెళ్లి, కంప్యూటర్లోకి ఎక్కించి, పుస్తకాలు తిరిగి పంపారు. ఆ బొమ్మలు ఇంకా ఉన్నాయి.

పేటవాళ్లు నన్ను వెళ్లమన్నారు. నేను చదివింది పదో తరగతి, అదీ తప్పాను. చేలు కొలవడం, చెరువు గట్టుకు ఎన్ని బళ్ల మట్టి పడుతుందో చెప్పడం వంటి లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకుని పాతికేళ్లుగా చేస్తున్నాను. ఎస్టీడీ బూత్ నుంచి ఆ సంస్థకు ఫోన్ చేస్తే “వచ్చి చూసుకోవచ్చు” అన్నారు. చూడటం అంటే తెచ్చుకోవడం కూడా అనుకుని, శ్రీకాకుళంలో రెండు ఖాళీ సీడీలు కొని, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

స్టేషన్ బయట

గురువారం పొద్దున ఎనిమిదికి దిగాను. స్టేషన్ ఎదుట ఇరానీ హోటల్లో టీ నాలుగు రూపాయలు. మా దగ్గర రూపాయిన్నర. పాలు వేరుగా, డికాక్షన్ వేరుగా కాచి కప్పులో కలుపుతారు. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఒక టీని రెండు కప్పుల్లో పంచుకుని, ఎవరి కప్పులో ఎక్కువ పడిందో చూసుకుంటూ నవ్వుకుంటున్నారు. మా వైపు ఒక టీని ఇద్దరు తాగితే పిసినారులంటారు. ఇక్కడ దానికో పేరు పెట్టి, “వన్ బై టూ” అని దర్జాగా అడుగుతారు.

ఆటో డ్రైవరు మీటరు వైపు చూడనైనా చూడలేదు.

“పద్మారావు నగర్ నలభై ఇయ్యుండ్రి.”

“దూరం రెండు కిలోమీటర్లే అట కదా బాబూ.”

“రెండు కిలోమీటర్లే. మరి నడుస్తరా?”

ముప్ఫైకి ఒప్పుకున్నాడు. దారి పొడవునా మేడమెట్ల పక్కన కంప్యూటర్ కోర్సుల బోర్డులు. నూటికి నూరు ఉద్యోగం అని ఒకటి, నలభై అయిదు రోజుల్లో విదేశం అని ఇంకొకటి. దిగేలోపు ఇరవై ఏడు లెక్కపెట్టాను. ఊరంతా కంప్యూటర్ మీదే ఉన్నప్పుడు నా పని మధ్యాహ్నానికి అయిపోతుందనిపించింది.

పద్మారావు నగర్, రెండో అంతస్తు

ఆ సంస్థ పేరు రాయను. ఒక పాత మేడలో రెండో అంతస్తు. కింద చదువుకునే గది, పోటీ పరీక్షల కుర్రాళ్లతో నిండి ఉంది. పైన బాధ్యుడు నర్సింగరావు గారు. యాభై దాటిన మనిషి. నా వయసుకు కొంచెం పైన. సంగతంతా విని రిజిస్టరు చూశారు.

“ఉన్నయండి. పంతొమ్మిది పుస్తకాలు. మీరు చూసుకోవచ్చు. నకలు మాత్రం ఇయ్యం.”

నేను సంచిలోంచి సీడీలు తీశాను. ఆయన వాటిని చూసి కళ్లద్దాలు తీశారు.

“లోపల పెట్టుకోండి. ఇది దాత పెట్టిన షరతు. మాది కాదు.”

“మా మాస్టారు అలా రాయరండి. ఆయన ఎవరడిగినా పుస్తకం చేతిలో పెట్టేవారు.”

“ఫారం చూపిస్తే నమ్ముతరా?”

చూపించమన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన బీరువా తెరిచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టారు. ఫారంలో మూడు వరుసలు అచ్చువేసి ఉన్నాయి. ఎవరైనా నకలు తీసుకోవచ్చు అని మొదటిది. పరిశోధకులకు మాత్రమే అని రెండోది. దాత రాతపూర్వకంగా అనుమతిస్తేనే అని మూడోది. మూడోదాని పక్కన టిక్కు ఉంది. కింద ఖాళీ జాగాలో నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు: దాత లేనప్పుడు ఏ కారణం చేతనూ ఎవరికీ నకలు ఇవ్వరాదు.

దాని కింద మాస్టారి సంతకం. ఆ కింద సాక్షి సంతకం.

“సాక్షి పైడిరాజు అంటే ఎవరు?” అని ఆయన అడిగారు. నా పేరు అప్పుడే రిజిస్టరులో రాసుకున్నారు కనుక ఆయనకు తెలుసు.

“నేనేనండి. ఆ రాత కూడా నాదే.”

ఆ రాత చూసేసరికి మరిచిపోయిన ఆ రోజంతా గుర్తుకొచ్చింది. జీపువాళ్లు ఫారం ఇస్తే మాస్టారు నా చేతికిచ్చి, “నువ్వు జాగ్రత్త మనిషివి, పూర్తి చెయ్యి” అన్నారు. కంప్యూటర్లో పెడితే ప్రపంచమంతా చూస్తుందని జీపులో వచ్చినవాడు గొప్పగా చెప్పాడు. నాకు అదే భయమేసింది. పంతొమ్మిదేళ్ల శ్రమను ఎవడో తన పేరుతో అచ్చేసుకుంటే? అందుకే మూడోదానికి టిక్కు పెట్టి, అదీ చాలదనుకుని ఇంకో వాక్యం నా సొంతంగా చేర్చాను. మాస్టారు చదవకుండానే సంతకం పెట్టారు.

“ఆయన కూతురు రాయగడలో ఉంటుందండి. వారసురాలు. ఉత్తరం తెప్పిస్తాను.”

“తెప్పియ్యుండ్రి. కమిటీ ముందు పెడత. కమిటీ కూసునేది వచ్చే నెల రెండో శనివారం.”

“మాకు సోమవారమండి.”

నర్సింగరావు గారు గోడవారగా ఉన్న బెంచీ చూపించారు. “రెండేండ్ల కింద ఒకాయనకు పాటల పుస్తకం నకలిచ్చినం. చదువుకుంటనన్నడు. ఆర్నెల్లకు తన పేరుతోటి బుక్కేసిండు. ఆ పాటలు రాసినామె కొడుకు, ముసలాయన, వచ్చి ఆ బెంచీ మీద పొద్దుగూకేదాక కూసున్నడు. తిట్టినా బాగుండు. ఏమనలే. నేను మళ్ల ఆ తప్పు చెయ్యనండి.”

నేను భయపడిందీ సరిగ్గా అదే. సీడీలు మళ్లీ తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టేశాను.

చూసుకోవడానికైనా పాఠకుడి కార్డు కావాలి. దానికి సికింద్రాబాదులో నివాసం ఉన్న మనిషి రేషన్ కార్డు తెచ్చి హామీ సంతకం పెట్టాలి. యంత్రం ఒక్కటే కాబట్టి మనిషికి రోజుకు రెండు గంటలు. నాకు పొద్దున పది నుంచి పన్నెండు ఇచ్చారు, శుక్ర, శనివారాలు. గురువారం అలా చేజారింది.

యాప్రాల్

హామీకి నాకున్నది యాప్రాల్‌లో ఉండే మా మరదలు రమణమ్మ, తోడల్లుడు సన్యాసిరావు. బస్సు రాగానే ఎదురుగా కనిపించిన ముందు తలుపులోంచి ఎక్కాను. ఆడవాళ్లంతా నావైపే చూశారు. మా బస్సుల్లో ఏ తలుపైనా ఒకటే. ఇక్కడ ముందు భాగం ఆడవాళ్లది.

“ఓ పెద్దమనిషీ, చీర కట్టుకొచ్చినవా?” అన్నాడు కండక్టరు. సంచి నెత్తిన పెట్టుకుని వెనక్కి వెళ్లేసరికి నా స్టాపు దాటిపోయింది. కిలోమీటరు వెనక్కి నడిచాను.

యాప్రాల్‌లో మూడేళ్ల కిందట పొదలు, బండరాళ్లు తప్ప ఏమీ లేవట. ఇప్పుడు ఒక వీధిలో పదకొండు అపార్టుమెంట్లు లేస్తున్నాయి. నీళ్లు మాత్రం లేవు. సాయంత్రం టాంకరు రాగానే వీధంతా బిందెలతో పరుగెత్తింది. రమణమ్మ రెండు బిందెలు పట్టుకుని వచ్చి, నా మొహం చూసి దింపేసింది.

“ఏటి బావా అలాగున్నావు? అన్నం తిన్నావా లేదా?”

తోటకూర పులుసు పెట్టింది, మా ఇంట్లోలాగే బెల్లం వేసి. నేను సంగతి చెబుతుంటే సన్యాసిరావు పళ్లెంలోంచి తల ఎత్తలేదు. అతను ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు.

“అంటే అన్నయ్యా, ఆ తలుపుకి తాళం నువ్వే ఏసి, తాళంచెవి గెడ్డలో పారేసొచ్చావు” అన్నాడు చివరికి.

“అంతేరా.”

“ఇప్పుడు నేనొచ్చి హామీ పెట్టాలి. నువ్వు అక్కడేటైనా ఎత్తుకొచ్చేస్తే నన్ను లోపలేస్తారేటి?”

“ఊరుకోండి” అంది రమణమ్మ. “మీకొక్క పూట సెలవు పోతాది. అక్కడ నలభై ఇళ్లు మునుగుతాయి.”

“నలభై మూడు” అన్నాను.

సన్యాసిరావు చేయి కడుక్కుని రేషన్ కార్డు వెతకడానికి లేచాడు. ఆ ఇంట్లో నీరు రావడానికి దారి చూసుకుంటున్నారు, మేము పోవడానికి చూసుకుంటున్నాం అనిపించింది. ఆ రాత్రి వాళ్ల బిందెలోంచి గ్లాసు నీళ్లు ముంచుకోవడానికి కూడా సిగ్గుపడ్డాను.

యంత్రం ముందు

శుక్రవారం పొద్దున హామీ సంతకం అయింది. సన్యాసిరావు ఆఫీసుకు పరుగెత్తాడు. నేను చెప్పులు విడిచి చల్లటి గదిలోకి వెళ్లాను. సంచి బయట పెట్టించారు. తెల్లకాగితాలు, పెన్సిలు మాత్రం ఉంచారు. యంత్రం చూసే అమ్మాయి సుజాత, ముప్ఫై ఏళ్లుంటాయి, భువనగిరి దగ్గరి మనిషి. సీడీ పెట్టి, పాస్‌వర్డు కొట్టి, నాకు కుర్చీ ఇచ్చింది.

“పేజీ మారాలంటే ఈ బటన్ ఒత్తుండ్రి సార్. జెర లేటయితది. రెండుసార్లు ఒత్తకుండ్రి, ఆగిపోతది.”

మాస్టారు నెలకొక పేజీ రాసేవారు. గెడ్డ పొంగేది జూన్ నుంచి నవంబరు వరకే. ఏడాదికి ఆరు పేజీల చొప్పున పంతొమ్మిదేళ్లకు నూట పద్నాలుగు. ఒక్కో పేజీ తెర మీదికి రావడానికి నలభై సెకండ్లు పడుతోంది. అంటే మొత్తంలో డెబ్బై ఆరు నిమిషాలు ఎదురుచూపుకే పోతాయి. నాలుగు గంటల్లో మిగిలేది నూట అరవై నాలుగు నిమిషాలు. పేజీకి ఎనభై ఆరు సెకండ్లు.

మొదటి పేజీ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా వచ్చింది. మాస్టారి తెలుగు అంకెలు. ఆయన ఇంగ్లీషు అంకెలు వాడేవారు కాదు. పోయిన మనిషి చేతిరాత గాజు వెనక వెలుగుతూ కనిపించేసరికి మొదటి ఎనభై ఆరు సెకండ్లు ఏమీ చూడకుండానే గడిచిపోయాయి. తర్వాత చూడటం మొదలుపెట్టాను. రెండు, రెండు, మూడు, మూడు, రెండు. నాలుగు కనిపిస్తే తేదీ రాసుకోవాలి. వరుసగా ఎనిమిది రోజులు ఉంటే గుండ్రంగా చుట్టాలి.

పన్నెండయ్యేసరికి యాభై ఒక్క పేజీలు. ఆరు వెనకబడ్డాను. చుట్టినవి మూడేళ్లు.

సుజాత యంత్రం ఆపుతూ నా కాగితం చూసింది. “ఇది చూపిస్తే సరిపోతదా సార్ అక్కడ?”

ఆ ప్రశ్నకే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. తూము కావాల్సిన పేటవాడే పెన్సిలుతో రాసుకొచ్చిన కాగితాన్ని ఏ ఇంజనీరు నమ్ముతాడు? అసలు తేలేను, నకలు ఇవ్వరు. తెలుసుకోవడం ఒకటి, నమ్మించడం ఇంకొకటి.

అప్పుడే ఫోన్ మోగింది. సుజాత విని, ఒక లావుపాటి రిజిస్టరు తీసి రాసుకుని, ఫోన్‌లోని మనిషికి చెప్పింది. “మీ ప్రశ్న నంబరు రెండు వందల పన్నెండు సార్. చూసి ఉత్తరం పంపిస్తం.”

“అదేంటమ్మా?” అని అడిగాను.

“ఎవరో వాళ్ల తాత పెట్టిన పాఠశాల ఏ ఏడు షురూ అయిందో అడుగుతుండ్రు. మా దగ్గరి రికార్డుల ఉంటది. చూసి, లెటర్‌హెడ్ మీద జవాబు రాసి, సార్ సంతకంతో పంపుతం.”

“ఆ రికార్డుకు నకలు ఇయ్యొచ్చా?”

“ఇయ్యొద్దు.”

“జవాబు ఇయ్యొచ్చా?”

సుజాత పెన్ను మూత పెడుతూ ఆగింది. “ఇస్తనే ఉన్నం గద” అంది.

రాంగోపాల్‌పేట్‌లో టీ

నర్సింగరావు గారు రాంగోపాల్‌పేట్‌లో బైండింగు చేసే అతని దగ్గరికి బయల్దేరుతున్నారు. నా మాట సగం విని, స్కూటరు వెనక ఎక్కమన్నారు. సందుల్లో ఇనుప సామాను కొట్లు, బట్టల కొట్లు, మధ్యలో మిషను కుట్టే చప్పుడు. బైండరు దుకాణం పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. ఆయన ఉస్మానియా బిస్కట్టు టీలో ముంచి తిన్నారు. నేనూ ముంచాను. నాది విరిగి కప్పులో పడిపోయింది.

“మూడు లెక్కపెట్టే లోపల తియ్యాలె” అన్నారు. ఆయన నవ్వగా చూసింది అదొక్కసారే. తర్వాత ఇంకో బిస్కట్టు తీసి అదీ ముంచి తిన్నారు.

“నకలు ఇయ్యొద్దని రాసిండ్రు మీరు. జవాబు ఇయ్యొద్దని రాయలేదు” అన్నారు చివరికి.

“అది తోచి ఉంటే అదీ రాసేవాణ్నేనండి.”

“నాకు తెల్సు. అందుకే ఆలోచిస్తున్న.” కప్పు కింద పెట్టారు. “మూడు మాటలు. ప్రశ్న రాతల ఇయ్యాలె. జవాబు అంకెల ఉండాలె, నా అభిప్రాయం అడగొద్దు. మీరు లెక్కపెట్టిందాని మీద నేను సంతకం పెట్టను. మా మనిషి లెక్కపెట్టాలె.”

“సుజాత గారు?”

“ఆమెకు ఆ అంకెలు రావు. నాక్కూడ సగమే వస్తయి.”

“నేర్పుతాను.”

“అంకెలు నేర్పుండ్రి. లెక్క నేర్పకుండ్రి” అన్నారు.

మధ్యాహ్నం సుజాత డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. నాకు సగం రొట్టె పెట్టింది. మా దగ్గర పులుసు అంటే పొయ్యి మీద గంట ఉడకాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి, పొయ్యి ముట్టించకుండానే తింటారు. ఆ ఎండకు అదే బాగుంది. తింటూనే పాత కవరు వెనక ఒకటి నుంచి తొమ్మిది వరకు, సున్నా రాసి ఇచ్చాను.

“రెండు, మూడు అన్నదమ్ముల్లెక్క ఉన్నయి” అంది. అరగంటలో నేను ఏది రాసినా చదవగలిగింది.

శనివారం

మిగిలినవి అరవై మూడు పేజీలు. ఎదురుచూపు పోగా పేజీకి డెబ్బై నాలుగు సెకండ్లు. ఒకసారి కంగారులో బటను రెండుసార్లు నొక్కాను. యంత్రం బిగుసుకుపోయింది. సుజాత మళ్లీ తిప్పి లేపేసరికి ఆరు నిమిషాలు పోయాయి. చివరి పేజీలను చూశాను అనేకంటే తడిమాను అనాలి. పన్నెండు గంటలకు నా కాగితం మీద చుట్టినవి ఆరేళ్లు. ఐదు కావాలి; ఒకటి ఎక్కువే ఉంది.

ఆ ఆరేళ్లు ఏవో రాసి ప్రశ్న ఇచ్చాను: ఈ ఏళ్లలో నీరు నాలుగో గీతను, ఆ పైని తాకినట్టు వరుసగా ఎన్ని రోజులు రాసి ఉంది? నా రైలు ఐదుంబావుకు. నర్సింగరావు గారు నాలుగింటికి వెళ్లిపోతారు, ఆదివారం సెలవు.

సుజాత లోపల కూర్చుంది. నా రెండు గంటలూ అయిపోయాయి కనుక నేను బయట బెంచీ మీద. అదే బెంచీ. అద్దం తలుపులోంచి ఆమె వేలు తెర మీద ఒక్కో గడి దగ్గర ఆగడం కనిపిస్తోంది. నేను డెబ్బై నాలుగు సెకండ్లిచ్చిన పేజీకి ఆమె ఎనిమిది నిమిషాలు ఇస్తోంది. రెండున్నరకు నాలుగేళ్లు తేలాయి. తొమ్మిది, పన్నెండు, ఎనిమిది, పది. నావీ అవే.

ఐదోది చూస్తూ తలుపు తెరిచింది.

“సార్, ఇక్కడ నాలుగు పక్కన చిన్న ‘త’ ఉంది. ఏంది గది?”

లేచి అద్దం దగ్గరికి వెళ్లాను. ఎనిమిది రోజుల వరుసలో ఐదో రోజు. అంకె భుజం మీద ఆవగింజంత అక్షరం. తొందరలో నేను చూడలేదు. అది ఏమిటో నాకు తెలుసు. నీరు గీత దాకా వచ్చీరాకుండా ఉంటే మాస్టారు తక్కువ అనడానికి ‘త’ పెట్టేవారు.

సిరా మరక అంటే ఆమె నమ్ముతుంది. అడగడానికి మాస్టారు లేరు. రాయి దగ్గర నిలబడి ఆ రాత నేర్చుకున్నది పేట మొత్తానికి నేనొక్కణ్నే. లోపల గడియారం మూడుంబావు చూపిస్తోంది. పల్లపు వీధిలో ఇళ్లు ఒక్కొక్కటిగా నా కళ్ల ముందుకు వచ్చాయి. సుజాత తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

“తక్కువ అని అమ్మా. ఆ రోజు నాలుగు కాదు.”

“అయితే వరుస తెగింది. నాలుగు రోజులు, మళ్ల మూడు రోజులు.”

“అంతే.”

ఆమె లోపలికి వెళ్లింది. ఇక ఆరోదీ సరిపోతేనే ఐదు. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. ఈసారి నర్సింగరావు గారిని కూడా పిలిచింది. ఆరో ఏట నీరు ఐదు రోజులు నాలుగో గీత పైనే ఉంది. తర్వాత రెండు గడులు ఖాళీ. తర్వాత నాలుగు రోజులు మళ్లీ నాలుగు. నేను మొత్తం పదకొండు అని చుట్టుకున్నాను, ఎందుకంటే ఆ రెండు రోజులు నీరు తగ్గి ఉండటం జరిగే పని కాదు.

“ఖాళీ ఖాళీనే గద సార్” అంది సుజాత, మెల్లగా.

“మాస్టారు పంతొమ్మిదేళ్లలో ఒక్కరోజు మానలేదండి” అన్నాను. “ఆ రెండు రోజులు ఏదో అయి ఉంటుంది. నేనప్పుడు ఊళ్లో లేను. ఒడిశాలో చెరువు పనిలో ఉన్నాను.”

“మీరు చూసిండ్రా మరి?” అన్నారు నర్సింగరావు గారు.

“లేదండి.”

“నేనూ చూడలేదు. ఈమె చూడలేదు. బొమ్మల ఏముందో అదే రాస్తం. ఖాళీ ఉంటే ఖాళీ అని రాస్తం.”

నాలుగుకు పది నిమిషాల ముందు ప్రింటరు కిర్రుమంటూ ఉత్తరం అచ్చువేసింది. నాలుగేళ్లకు అంకెలు. ఐదో ఏడాదికి, నాలుగు రోజులు, ఒక రోజు తక్కువ అని గుర్తు, మూడు రోజులు. ఆరో ఏడాదికి, ఐదు రోజులు, రెండు రోజులకు ఏమీ రాసిలేదు, నాలుగు రోజులు. నర్సింగరావు గారు రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. రిజిస్టరులో నా చేత అందినట్టు రాయించుకున్నారు. ఉత్తరం మడిచి ఇస్తూ, “మీ మాస్టారి బిడ్డతోటి మాత్రం కొత్త ఫారం పంపియ్యుండ్రి” అన్నారు. “ఈసారి ఆమెనే నింపమనుండ్రి.”

ఆటో అతను యాభై అడిగాడు. బేరమాడలేదు. నాలుగేళ్లు చేతిలో ఉన్నాయి. ఐదు కావాలి.

సోమవారం, మా దగ్గర

విచారణ రోడ్డు పనుల షెడ్డులో జరిగింది. పేటవాళ్లు అరవైమంది దాకా వచ్చారు. ఉత్తరంలో ఏముందో ఆదివారమే అందరికీ చెప్పేశాను. కొందరు నాతో మాట్లాడటం మానేశారు. ‘త’ సంగతి చెప్పకుండా ఉండాల్సిందని ఎవరూ పైకి అనలేదు.

ఇంజనీరు గారు ఉత్తరం తీసుకుని, ముద్ర చూసి, పెన్సిలుతో ఒక్కో వరుసా కొట్టుకుంటూ వచ్చారు. నాలుగు వరకు తల ఊపారు. ఐదోది కొట్టేశారు. ఆరోదాని దగ్గర ఆగారు.

“ఈ రెండు రోజులు ఎందుకు రాయలేదు?”

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి నూకాలమ్మ ముందుకు వచ్చింది. పల్లపు వీధిలో మొదటి ఇల్లు ఆమెది. డెబ్బై దాటాయి.

“ఎలాగ రాస్తారు బాబూ? ఆ రెండ్రోజులూ మాస్టారు మా అటక మీదే ఉండిపోయారు. రాయి చూడ్డానికని పొద్దున్నే దిగొచ్చి చిక్కుకుపోయారు. దిగితే పీక లోతు నీరు.”

“నువ్వు చూశావా?”

“నేనే కదా గంజి కాసి పోసినాను. పుస్తకం ఆయనింట్లో ఉండిపోనాదని రెండ్రోజులూ ఒకటే గోల. ఇంటికెళ్లాక దాంట్లో ఊహించి రాసేయొచ్చు కదా అన్నాను. చూడనిది రాయనన్నారు.”

మాటలు వద్దు కాగితం కావాలన్న మనిషి, కాగితంలో ఉన్న ఖాళీ గురించి ఆమెను ఇంకో మూడు ప్రశ్నలు అడిగారు. అటక ఎత్తు ఎంత, ఇల్లు ఇప్పుడూ ఉందా, గోడ మీద మరక ఉందా అని. ఉందంది. ఆయన ఆమె వెంట పల్లపు వీధికి నడిచారు. గోడ కొలవడానికి టేపు రెండో కొస నన్ను పట్టుకోమన్నారు. తిరిగొచ్చి, నూకాలమ్మ చెప్పింది రాసి, వేలిముద్ర వేయించుకుని, బల్ల మీద తన కాగితం ముందుకు లాక్కున్నారు.

తొమ్మిది, పన్నెండు, ఎనిమిది, పది అని నాలుగు గడుల్లో రాశారు. ఐదో గడిలో పదకొండు వేశారు.

ఆ ఏడాదికి ఉత్తరంలో ఐదు, నాలుగు మాత్రమే ఉన్నాయి. కలిపితే తొమ్మిది. శనివారం తొందరలో తప్ప, ఖాళీ గడిని అంకెగా నేను పాతికేళ్లలో ఎప్పుడూ కూడలేదు. ఇంజనీరు గారు నా వైపు చూశారు, సరేనా అన్నట్టు. నేను టేపు చుడుతూ ఉండిపోయాను.